తామర మాత్రలు, తవుడు, ఒక బాయిలర్

మా కాకినాడలో ఇనుప వస్తువు కొంటే దానితోపాటు దిగులు కూడా కొని తెచ్చుకున్నట్టే. కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు, మేడ మీది నీళ్ల ట్యాంకు స్టాండు, అన్నీ సముద్రపు గాలికి పొరలు పొరలుగా లేచిపోతాయి. అక్కడే పుట్టి, అక్కడి కాలేజీలోనే కెమిస్ట్రీ చెబుతున్న నేను నలభై రెండో ఏట పరిశోధన మొదలుపెట్టి, తుప్పును ఎంచుకోవడంలో వింతేమీ లేదు. దాని కోసం మందుల షాపుల చుట్టూ తిరగడమే మా ఇంట్లోవాళ్లకు వింతగా ఉండేది.

సంగతి ఇది. ఉక్కు పైపులకూ బాయిలర్లకూ పట్టిన మురికిని యాసిడ్‌తో కడుగుతారు. యాసిడ్ మురికిని తినేశాక ఆగదు, ఉక్కును కూడా తింటుంది. అయితే మనం మింగే కొన్ని మందులను ఆ యాసిడ్‌లో కొద్దిగా కలిపితే, ఆ మందు ఉక్కుకు పలచటి తొడుగులా అంటుకుంటుంది. మురికి పోతుంది, ఉక్కు చాలావరకు నిలుస్తుంది. నేను పట్టుకున్నది తామరకు వాడే మాత్ర. గడువు తీరి, మనిషికి పనికిరాక పారేసేవైనా ఈ పనికి సరిపోతాయి.

మూడేళ్లు ల్యాబ్‌లో గాజు గ్లాసుల ముందు కూర్చుని థీసిస్ పంపాను. అది తిరిగొచ్చింది. పరీక్షకుడు ఒక్కటే అడిగాడు: ఇదంతా స్వేదనజలంతో చేసినది, నిజమైన బాయిలర్ దగ్గర, అక్కడి నీళ్లతో చేసి చూశారా? లేదు. బాయిలర్‌ను నేను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. దసరా సెలవులు దగ్గరకొచ్చాయి. యూనివర్సిటీ హాస్టల్లో నాతో గది పంచుకున్న రజితకు ఫోన్ చేశాను. ఆమె ఫార్మసీ చదివి, సొంత ఊరు భువనగిరిలో మందుల షాపు నడుపుతోంది.

"గోలీలూ ఉన్నయ్, బాయిలర్లు కడిగే మనిషీ ఉన్నడు. నువ్వు రావుడే తక్కువ" అంది.

భువనగిరి

భువనగిరిలో ఏ సందులో నిలబడినా ఆ గుండు కనబడుతూనే ఉంటుంది. ఊరంత పెద్ద రాయి, దాని నెత్తిన కోట. పగలంతా తాగిన ఎండను సాయంత్రం మా మీదికి వదులుతుందని రజిత ఫిర్యాదు. నేను మాత్రం రైలు దిగిన దగ్గర్నుంచి ఇళ్ల కిటికీలే చూస్తూ నడిచాను. పాతికేళ్ల నాటి ఊచలు కూడా నిక్షేపంగా ఉన్నాయి. మా ఊళ్లో వాటికి అప్పటికే రెండుసార్లు కర్మకాండ జరిగిపోయేది.

రజిత షాపు వెనకాల ఒక అట్టపెట్టె ఉంది. గడువు తీరిన మందులన్నీ అందులో వేసి, తిరిగి కంపెనీకి పంపుతారు. తామర మాత్రల అట్టలు ఒక్కొక్కటే ఏరి, కాగితం మీద రాసి, మా కాలేజీ ఉత్తరం తీసుకుని, నా చేత సంతకం పెట్టించింది.

"దోస్తానా దోస్తానే, రికార్డు రికార్డే" అంది.

కౌంటర్ దగ్గర బీపీ మాత్రల కోసం నిలబడ్డ ఒక ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. "గడువు తీరినయ్ ఎవలకేస్తరమ్మా?" అని అనుమానంగా అడిగాడు.

"ఇనుముకు, తాతగారూ" అన్నాను నేను.

"ఇనుముకు తామర లేసిందా?"

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "లేస్తది బిడ్డా. ఏం కాలమచ్చె" అని మందులు తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రజిత ఇంట్లో పచ్చి పులుసు పెట్టింది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాల్చిన నువ్వుల పొడి. మా వైపు పులుసంటే పొయ్యి మీద గంట సేపు మరగాల్సిందే. "దీన్ని మరిగించరా?" అంటే, "మరిగిస్తే పచ్చి పులుసెట్లైతదే?" అని నా మొహం చూసి నవ్వింది. మూడుసార్లు పోయించుకున్నాను.

తిన్నాక షాపు వెనక గదిలో ఇద్దరం కూర్చుని మాత్రలను అట్టల నుంచి తీసి, ఆమె ఇత్తడి కల్వంలో పొడి చేశాం. హాస్టల్ వార్డెన్ గురించి, మెస్‌లో పురుగుల సాంబారు గురించి మాట్లాడుకుంటూ చేసిన పని అది. చేతులు ఒక చోట, మనసు ఇరవై ఏళ్ల వెనక. ఆ కబుర్లలో ఎంత పొరపాటు చేశామో మర్నాడు గాని తెలియలేదు.

పొద్దు వాలుతుండగా, రజిత ఫోన్‌లో చెప్పిన బాయిలర్ల మనిషి సామేలు వచ్చాడు. కాలిన గాయాలకు రాసే మలాం ఆమె దగ్గర తరచుగా కొంటాడట. యాభై దాటిన సన్నటి మనిషి. రెండు ముంజేతుల మీదా యాసిడ్ చిట్లి పడ్డ తెల్లటి మచ్చలు. ఆదివారం చర్చిలో డప్పు వాయిస్తాడు, మిగతా ఆరు రోజులూ రైసు మిల్లుల బాయిలర్లు కడుగుతాడు. వాళ్ల నాయిన కూలికి పోయి ఏ ఊళ్ల పొలాల్లో నాట్లు వేశాడో, ఆ ఊళ్ల మిల్లులకే ఇప్పుడు తను వెళతాడు.

"నమస్తే సామేలు గారూ" అన్నాను.

"గారు ఎందుకు మేడం, యాసిడ్ సామేలంటే అందరికెరుకే." నా చేతిలోని పొడి డబ్బా చూశాడు. "గీ గోలీల పొడితోని బాయిలర్ కడుగుతరా? రేపు కేతేపల్లిల పని పట్టిన. రాండ్రి, సూద్దాం. గాని మేడం, గిది గలాసు గాదు. జర పైలం."

పైలం అంటే జాగ్రత్త అని రజిత చెప్పాక తెలిసింది. అప్పటిదాకా నేను దాన్ని ఏదో ఊరి పేరనుకున్నాను.

కేతేపల్లి, మొదటి రోజు

మిల్లు రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంది. ఒక పక్క కొండలా ఊక, ఇంకో పక్క నానబెట్టే తొట్లు. అక్కడ వడ్లను నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఆడతారు. ఆవిరి లేకపోతే మిల్లు లేదు. కొత్త వడ్లు ఇంకో మూడు వారాల్లో వస్తాయి, ఈలోపే బాయిలర్ సిద్ధం కావాలి.

యజమాని నర్సిరెడ్డి కుర్చీ వేయించాడు గాని, ఆయన మొహంలో స్వాగతం లేదు. నిరుడు వేరే ఎవరో కడిగారట. యాసిడ్‌ను ఎక్కువసేపు వదిలేశారు. సరిగ్గా సీజన్ మధ్యలో ట్యూబులు కారడం మొదలైంది. నానిన వడ్లు తొట్లలోనే పులిసిపోయాయి.

"ఆ వాసన నెల రోజులు నా ముక్కుల నుంచి పోలే మేడం" అన్నాడు. "సామేలు మంచిగ చేస్తడని చెప్తే పిలిపించిన. గాని ఇంకో ట్యూబు కారిందంటే ఆయనకూ నాకూ రాం రాం."

ఈ మిల్లులో సామేలుకు ఇది మొదటి పని. ఇది బాగా జరిగితే చుట్టుపక్కల మిల్లులు దొరుకుతాయని దారిలో చెప్పాడు. జరగకపోతే ఏమవుతుందో చెప్పలేదు.

అతను పాత ట్యూబు ముక్క ఒకటి తెచ్చి చూపించాడు. లోపల సగం వేలు మందాన తెల్లటి గార. బోరు నీళ్లలోని సున్నం కాగి కాగి అలా గడ్డకట్టింది. ఇదీ మా రెండు ప్రాంతాలకూ తేడా. మా గాలి ఇనుమును తింటుంది, వీళ్ల నీళ్లు ఇనుము మీద పేరుకుంటాయి.

"మీరు యాసిడ్‌లో ఏం కలుపుతారు?" అని అడిగాను.

సామేలు మిల్లు మూలకు వెళ్లి గుప్పెడు తవుడు తెచ్చి నా అరచేతిలో పోశాడు. "గిదే."

నేను నవ్వాపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. "మీ గోలీల పొడికి నేను గిట్లనే నవ్విన మేడం. ఇద్దరి లెక్క సమానమైంది."

పందెం కట్టినంత పని అయింది. హోటల్ నుంచి మూడు ఖాళీ పెరుగు డబ్బాలు తెప్పించాం. పాత ట్యూబు నుంచి ఒకే కొలతలో మూడు రేకులు కోయించి, గరుకు కాగితంతో తోమి, నేను తెచ్చిన కంసాలి త్రాసులో తూచాను. ఒక్కో డబ్బాలో వాళ్ల బోరు నీళ్లతోనే పలచన చేసిన లీటరు యాసిడ్. మొదటి దానిలో ఏమీ కలపలేదు. రెండో దానిలో తవుడు. మూడో దానిలో నా పొడి.

నా పొడి పడగానే డబ్బా బుసబుసా పొంగింది. తెల్లటి నురగ అంచులు దాటి, బల్ల మీదికి, అక్కడి నుంచి నా చెప్పుల మీదికి వచ్చింది. బస్తాలు మోసే హమాలీలు పని ఆపి చూడడానికి వచ్చారు. "పాలు పొంగినయ్, మంచి శకునమే" అన్నారెవరో. మాత్రల్లో మందుతోపాటు వేరే పొడులు కూడా ఉంటాయి, అవే పొంగాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నురగ తగ్గాక రేకులను దారాలు కట్టి వేలాడదీశాం.

మూడు గంటలు ఆగాలి. ఈలోపు మిల్లులో వంట చేసే ఆవిడ అన్నం పెట్టింది. "పుంటికూర మేడం, మీ దిక్కు దొరుకుతదో లేదో" అంది. కొత్త ఆకుకూర కదా అని ఆత్రంగా కలుపుకున్నాను. తీరా నోట్లో పెట్టుకుంటే మా గోంగూర. నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి మా పెరట్లో ఆకును కొత్తగా తిన్నాను. ఆ మాట చెబితే ఆవిడ ఒప్పుకోలేదు, "గోంగూర వేరు, పుంటికూర వేరు" అని ఇంకో గరిటె వేసింది.

మూడు గంటలయ్యాక రేకులు తీశాం. ఏమీ కలపని రేకు నల్లబడి, అంచులు కొరికినట్టయింది. తవుడు రేకు ఫరవాలేదు. నా రేకు మాత్రం తోమిన అద్దంలా ఉంది. తూచాను. బరువు దాదాపు తగ్గనే లేదు. ల్యాబ్‌లో మూడేళ్లలో ఎన్నడూ రాని ఫలితం.

హమాలీలు చప్పట్లు కొట్టారు. నర్సిరెడ్డి కుర్చీలోంచి లేచి వచ్చి రేకును వెలుతురులో తిప్పి చూశాడు. మొదటిసారి నవ్వాడు. "ఇంకేంది సామేలు, రేపు బాయిలర్‌ల మేడం మందే పొయ్యి" అన్నాడు.

సామేలు రేకు వైపు చూడలేదు. డబ్బా పక్కన నిలబడి, చేత్తో గాలిని మెల్లగా తన వైపు విసురుకున్నాడు.

"మేడం" అన్నాడు నాకు మాత్రమే వినబడేట్టు. "ముక్కు గుచ్చుతలేదు."

సంచిలోంచి లిట్మస్ కాగితం తీసి డబ్బాలో ముంచాను. యాసిడ్ తగిలితే ఎర్రబడాల్సిన నీలి కాగితం నీలంగానే ఉంది. అందులో యాసిడ్ చచ్చిపోయింది. లెక్క కోసం వెంట తెచ్చుకున్న ఖాళీ అట్టలను మళ్లీ ఒక్కొక్కటే తిరగేసి చూస్తే తెలిసింది. తామర మాత్రల మధ్య నాలుగైదు అట్టలు ఎముకల బలానికి వేసుకునే కాల్షియం మాత్రలవి. చివర్లు కత్తిరించి ఉన్నాయి, పేరులో రెండు మూడు అక్షరాలే మిగిలాయి. మాత్రలు కాస్త పెద్దవి, తెల్లవి. చూసి కూడా చూడలేదు. కాల్షియమంటే సున్నమే, బాయిలర్‌లో పట్టిన గార లాంటిదే. అది యాసిడ్‌ను మొత్తం తాగేసింది. ఇక రేకును తినేదెవరు?

అబద్ధం ఆడను. ఒక నిమిషం పాటు ఆ రేకునే చూస్తూ కూర్చున్నాను. సెలవులు ఉన్నదే కొద్ది రోజులు. ఈ ఒక్క అంకె రాసి పంపితే థీసిస్ పూర్తవుతుంది. సామేలుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ మర్నాడు ఆ బాయిలర్‌లో ఇదే పొడి పోస్తారు. అప్పుడు యాసిడ్ చస్తుంది, గార అలాగే ఉంటుంది. లేదా కాల్షియం కలవని మాత్రలు పోస్తే, యాసిడ్ బతికి, నా లెక్క తప్పి, ట్యూబులు కారతాయి. అప్పుడు రాం రాం చెప్పించుకునేది నేను కాదు, సామేలు.

లేచి నర్సిరెడ్డి దగ్గరకు వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన నవ్వు పోయింది. "సదువుకున్నోళ్లు తప్పైందని చెప్పుడు నేను ఇదే మొదలు సూసుడు మేడం" అన్నాడు. "ఇంకొక్క రోజు టైమిస్తున్న. మల్ల చేయుండ్రి."

ఆ సాయంత్రం రజితకు ఫోన్ చేశాను. అటు నుంచి కేక వినబడింది. "అయ్యో, అవి నేనే పక్కన పెట్టిన్నే! నీ వార్డెన్ ముచ్చట్ల పడి కలిపేసిన!" తరవాత ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

కేతేపల్లి, రెండో రోజు

పొడి చేయని తామర మాత్రలు రెండు అట్టలు మిగిలాయి. రెంటి మీదా పేరు స్పష్టంగా ఉంది. నేను చదివాను, సామేలు చేత చదివించాను, నర్సిరెడ్డి కూడా కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఈసారి డబ్బాలు కాదు, మాత్రలకు తగ్గట్టు టీ గ్లాసులు. గంటకోసారి లిట్మస్ ముంచాను. కాగితం ప్రతిసారీ ఎర్రగా మారింది. అంత సంతోషంగా ఎరుపును నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి అద్దాలేమీ రాలేదు. ఏమీ కలపని రేకు బాగా నష్టపోయింది. తవుడు రేకు అంతకంటే చాలా తక్కువ. నా మాత్రల రేకు తవుడు కంటే ఇంకాస్త తక్కువ. ల్యాబ్‌లో వచ్చినంత గొప్పగా మాత్రం కాదు. బోరు నీళ్ల మహిమో, మరొకటో, ఇంకా చూడాలి. కానీ ఇది నిజం.

"గెలిచిండ్రు మేడం" అన్నాడు సామేలు.

"గెలిచానా? ఈ బాయిలర్ మొత్తానికి ఎన్ని మాత్రలు కావాలో లెక్క వేశారా? భువనగిరి జనమంతా తామర మందు మానేసినా సరిపోవు. తవుడు ఇక్కడే రాశిగా ఉంది."

అతను తల వెనక్కి వంచి నవ్వాడు. బాయిలర్‌లో తవుడే పోయాలని ముగ్గురం తేల్చుకున్నాం. నేను మాత్రం ఒకటి చేర్చాను. ఇలాంటి రేకునే ఒకటి బాయిలర్‌లోని యాసిడ్‌లో వేలాడదీసి, గంటకోసారి తీసి తూస్తే, లోపల ట్యూబులకు ఏం జరుగుతుందో బయటే తెలుస్తుంది. అప్పటిదాకా సామేలు బుడగల చప్పుడు విని, వాసన చూసి అంచనా వేసేవాడు.

"అంటే లోపలి సంగతి చెప్పెటందుకు సాక్షి అన్నట్టు" అన్నాడు. త్రాసును రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నాడు. తూచడం రెండుసార్లలోనే వచ్చేసింది. వచ్చాక నన్ను ముట్టుకోనివ్వలేదు. నేనూ దాన్ని అతని దగ్గరే వదిలేశాను.

వాడిన యాసిడ్‌లో సున్నం కలిపి చంపడం సామేలుకు ముందే అలవాటు. మాత్రలు కలిపిన నీళ్లను మాత్రం డబ్బాకెత్తి, కాలేజీకి తీసుకెళ్లడానికి మూత బిగించి పెట్టాను.

బాయిలర్ కడగడం, కడిగాక నీళ్లతో ఒత్తిడి పెట్టి చూడడం ఇంకో రెండు రోజుల పని. నాకు ఇంకో సందేహం ఉంది. "ఈ తవుడు సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"మా ఉస్తాద్ బాలయ్య. చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల కాడ పనిచేసిండు. గిప్పుడు మక్తల్ల ఉంటడు. పోతరా? ఫోన్ చేస్త."

పాలమూరు దారిలో

నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా బస్సు పడమటికి పోతుంటే పత్తి చేలు, గుండ్ల గుట్టలు, మళ్లీ పత్తి చేలు. రోడ్డు పక్కన గునుగు పూలు తెల్లగా, తంగేడు పచ్చగా. నా పక్క సీటులో ఒకావిడ చీర కొంగు నిండా ఆ పూలే మూటకట్టుకుని కూర్చుంది. బతుకమ్మకట. మా వైపు దసరాకు పువ్వులు కొంటాం, దేవుడి ముందు పెడతాం. ఇక్కడ రోడ్డు పక్క పువ్వునే దేవతను చేస్తారు. ఆ మాట అంటే, "పువ్వు కాకపోతే ఇంకేందమ్మా దేవుడు?" అని నన్ను జాలిగా చూసింది.

జడ్చర్ల దగ్గర సీతాఫలాల గంపలు. రెండు పళ్లు ఇమ్మంటే అమ్మేవాడు ఇవ్వలేదు. గంప మొత్తం కొనాలి, అది కూడా మా ఊళ్లో ఆరు పళ్లకు అడిగే ధరే. కొన్నాను. బస్సులో ఎదురు సీట్ల వాళ్లకూ, కండక్టర్‌కూ పంచాను. అయినా మిగిలినవి సంచిలో మెత్తబడి నా లిట్మస్ కాగితాల కట్ట మీద చిట్లాయి. ఇక దేనికీ పనికిరాని ఆ కట్టను మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో పారేశాను. కండక్టర్ నా కాళ్ల దగ్గరి డబ్బాను చూసి "గందులేముంది మేడం?" అన్నాడు. "తామర మందు" అన్నాను. ఇంకేమీ అడగకుండా కాస్త దూరంగా జరిగాడు.

మక్తల్

బాలయ్య గారి ఇల్లు మక్తల్ అంగడి వెనక సందులో. రెండు గదులు, ముందు వేప చెట్టు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, చెవులు కాస్త మందం. పక్క రాష్ట్రం దగ్గరే కావడంతో ఆ వీధిలో సగం మాటలు కన్నడంలో వినిపిస్తున్నాయి. లోపల పొయ్యి దగ్గర ఆయన భార్య ఎల్లమ్మ జొన్న రొట్టెలు తడుతోంది. ఆ చప్పుడు మేం మాట్లాడినంతసేపూ ఆగలేదు.

నేను నోటు పుస్తకం తీసి అడిగాను. "యాసిడ్‌లో తవుడు వేయాలని మీకెలా తట్టింది?"

ఆయన నా వైపు చూసి, పొయ్యి వైపు చూసి, చిన్నగా నవ్వాడు. "గా ముచ్చట నాది కాదమ్మా. రొట్టెలు చేసేటామెను అడుగు."

రొట్టెల చప్పుడు ఆగింది. "నన్నేం అడుగుతది?" అంది లోపలి నుంచి ఎల్లమ్మ.

"ఫ్యాక్టరీల నువ్వు తవుడు ఏసిన సంగతి చెప్పు."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి గడప మీద కూర్చుంది. చెప్పడానికి సిగ్గుపడింది. తరవాత మొదలుపెట్టింది.

పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఒకే చక్కెర ఫ్యాక్టరీలో కూలికి ఉన్నారు. ఆయన బాయిలర్ దగ్గర, ఆమె సామాను కొట్టు దగ్గర. తుప్పు పట్టిన పానాలు, గొలుసులు, నట్లు యాసిడ్ తొట్టిలో వేసి తీయడం ఆమె పని.

"పొగ కండ్లల్లకు కొట్టేది బిడ్డా. ఇంటికొచ్చినా మంట పోకపోవు. పొద్దుగాల లేస్తే రెప్పలు అతుక్కపోయేటియి. ఒకదినం ఎడ్లకు పెట్టే తవుడు ఇంత తీసి తొట్టిల ఏసిన. పైన నురుగు లెక్క ఒక పొర కట్టింది. పొగ లేసుడు తగ్గింది. గంతే. ఇనుము గురించి నాకేమెరుక?"

"సామాను మంచిగ వస్తాందని ఇంజనీరు సారు కనిపెట్టిండు" అన్నాడు బాలయ్య. "ఏం కలుపుతుండ్రని అడిగిండు. నేను చెప్పిన. బాయిలర్లల్ల గూడ ఏయుమన్నడు. సార్‌కు మంచి పేరొచ్చింది. నన్ను ఉస్తాద్ అన్నరు."

"మరి ఈమెను?"

ఆయన తల దించుకున్నాడు. "ఈమెను కొట్టు కాడ నుంచి తోట పనికి మార్చిండ్రు. కండ్లకు మంచిదైంది."

మూడేళ్లుగా నేను ఇనుమునే తూచాను. ఎన్ని మిల్లీగ్రాములు పోయింది, ఎన్ని నిలిచింది, అన్నీ ఉన్నాయి నా దగ్గర. యాసిడ్ తొట్టి పక్కన నిలబడే మనిషి కంటికి ఏమవుతుందన్న గడి నా పట్టికల్లో ఎక్కడా లేదు. మా ల్యాబ్‌లో పొగను లాగేసే ఫ్యాను ఉంది. ఆ ఫ్యాను ఉందని కూడా నేను ఎన్నడూ తలుచుకోలేదు.

అంతలో ఫోన్ మోగింది. సామేలు. అందరికీ వినబడేట్టు పెట్టాను.

"మేడం! ఒత్తిడి పెట్టి సూసినం. రెండు గంటలు నిలబెట్టినం. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క కారలే! నర్సిరెడ్డి పటేలు తన చేతితోని ప్రతి ట్యూబు తడిమి సూసిండు. పక్క మిల్లాయన గూడ వచ్చి నిలబడ్డడు, గాయిన బాయిలర్ గూడ కడగమంటుండు!"

బాలయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, రెండు చేతులూ పైకెత్తాడు. నేను సామేలుకు తవుడు ఎవరిదో చెప్పాను. అతను బాలయ్యను పిలిచాడు.

"ఉస్తాద్, ఇరవై ఏండ్లాయె. నాకెన్నడూ చెప్పలేదేంది?"

"నువ్వెన్నడూ అడగలేదు గదరా" అన్నాడు బాలయ్య. ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత ఫోన్ దగ్గరకు జరిగి, "సామేలూ, బిడ్డా, కండ్లు పైలం" అంది.

రొట్టెలు, చిక్కుడుకాయ కూర, ఎర్ర కారం పెట్టింది. మూడో రొట్టె దగ్గర చేతులెత్తేశాను. "గీడిదాకా వచ్చి రెండు రొట్టెలా?" అని ఆమె నాలుగోది కూడా వేసింది. బయల్దేరేముందు అడిగాను, నా పుస్తకంలో మీ పేరు రాయనా అని. ఆమె భర్త వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"రాయి. గాని ఉత్త పేరు రాస్తే ఏమున్నది? కండ్లు మండినయని గూడ రాయి."

కాకినాడ వచ్చాక థీసిస్‌లో రెండు అధ్యాయాలు చేరాయి. ఒకటి కేతేపల్లిది, పెరుగు డబ్బాల తప్పుతో సహా. రెండోది కొత్తది. తవుడు వేసినప్పుడు, మాత్రలు వేసినప్పుడు యాసిడ్ పొగ ఎంత లేస్తుందో కొలవడం గురించి. అందులో తవుడే గెలిచింది, నా మాత్రలు దాని దరిదాపుల్లో లేవు. పరీక్షకుడు ఈసారి తిప్పి పంపలేదు.

అచ్చయిన రోజు మక్తల్‌కు ఫోన్ చేశాను. ఎల్లమ్మ ఎత్తింది. రెండో అధ్యాయం మొదటి పేరా ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగు చేసి చదివాను. మహబూబ్‌నగర్ ప్రాంతానికి చెందిన ఎల్లమ్మ అనే కార్మికురాలు, యాసిడ్ పొగకు తన కళ్లు మండుతున్నందువల్ల, తొట్టిలో తవుడు వేసి చూసింది. ఈ అధ్యాయం ఆమె గమనించిన విషయం మీద ఆధారపడింది.

అటు వైపు ఆమె ఫోన్‌ను బాలయ్య దగ్గరకు జరిపిన చప్పుడైంది.

"మల్లొక్కసారి సదువు బిడ్డా" అంది ఎల్లమ్మ. "ఆయనకు చెవులు మందం. జర గట్టిగ సదువు."